ముదరాలని ఆపిన కన్ను

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లకు పైగా గడియారాలు బాగుచేస్తున్నాను. బాగుచేస్తున్నానని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, ఇప్పుడు చేసేదల్లా సెల్లులు మార్చడం, పట్టీలు వేయడం. పెళ్లిలో పెట్టిన పాత కీ గడియారం పట్టుకొని నెలకు ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్లు వచ్చిన రోజు నాకు పండగ. కుడి కంటికి భూతద్దం బిగించుకొని, ఎడమ కన్ను మూసుకొని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకొని కూర్చుంటే పక్కనుంచి రైలు పోయినా నాకు వినబడదు.

మా బజారులో నన్ను అన్నీ తెలిసిన మనిషి అంటారు. ఎగతాళికే అంటారు, ఆ సంగతీ నాకు తెలుసు. మోకాళ్ల నొప్పికి ఏ నూనె రాయాలి, బోరు ఎక్కడ వెయ్యాలి, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలి, ఎవరు అడిగినా చెబుతాను. అడగకపోయినా చెబుతాను. చెప్పినవాటిలో కొన్ని నిజమయ్యాయి కూడా, అదే వచ్చిన చిక్కు. నా మాట మీద నాకు నమ్మకం పెరిగిపోయింది. ఆ నమ్మకానికి మా అవ్వ కళ్లు పోయాయి.

మేము కన్నతల్లినే అవ్వ అంటాం. బాపు పోయాక అవ్వ ఎల్లారెడ్డిలో మా చెల్లె దగ్గర ఉంటోంది. చెల్లె మొగుడు గల్ఫ్‌లో పనిచేస్తాడు, రెండేళ్లకోసారి వస్తాడు. ఇంట్లో తోడుగా ఉంటానని అవ్వే ఇష్టపడి వెళ్లింది. నేను ప్రతి ఆదివారం కొట్టు మూసి, బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లి, అవ్వ చేతి అన్నం తిని సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి.

నాలుగేళ్ల కిందట అలాంటి ఒక ఆదివారం అవ్వ అన్నం వడ్డిస్తూ, దర్వాజా వంకరగా అవుపడుతోందని చెప్పింది. నేను తలతిప్పి చూశాను. దర్వాజా నిటారుగానే ఉంది. మనుషుల మొహాలు కూడా నడిమధ్యలో పొగ పెట్టినట్టు ఉంటున్నాయని అంది. నేను ముద్ద మింగి వెంటనే తేల్చేశాను, మోతిబిందు అని, అంటే కంటి శుక్లం.

తేల్చడానికి నా దగ్గర ఆధారం ఉంది. బాపుకు మోతిబిందు వచ్చినప్పుడు ఊళ్లో పెట్టిన కంటి క్యాంపుకు నేనే తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, ఇంకా పచ్చిగా ఉంది, ముదిరాక తీసుకురమ్మన్నాడు. ఏడాదికి పైగా ఆగాం. బాపు కంటి గుడ్డు మీద పాలచుక్క పడినట్టు తెల్లగా అయింది. అప్పుడు పొర తీశారు. పట్టీ విప్పిన రోజు బాపు ఆస్పత్రి గోడ మీద బల్లిని వేలితో చూపించి పసివాడిలా నవ్వాడు. అది చూసినప్పటి నుంచి కంటి విషయంలో నాకు ఇక తెలియనిది లేదనుకున్నాను. చుట్టాల్లో ఎవరి కంటికి మసక వచ్చినా నా దగ్గర ఒకటే మాట. ముదరాలి, తొందరపడితే కన్ను చెడుతుంది. ఆ మాట ఎంతమందికి చెప్పానో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది. ముదిరేదాకా ఆగే కాలం ఎప్పుడో పోయిందట. కీ గడియారాలు పోయి సెల్లు గడియారాలు వచ్చాయని రోజూ ఏడ్చే నాకు, కంటి వైద్యం కూడా మారి ఉంటుందని తోచలేదు.

ఆ ఆదివారం మాటతో ఊరుకున్నా కొంత నయమే. జేబులో భూతద్దం ఉంది. అవ్వను వాకిట్లో వెలుతురులో పీట మీద కూర్చోబెట్టి, రెప్పలు వేళ్లతో విడదీసి, రెండు కళ్లలోకీ చూశాను. నల్లగుడ్డు కాస్త బూడిదరంగుగా కనిపించింది. డెబ్బై దాటిన ఎవరి కన్నైనా అలాగే కనిపిస్తుందని నాకు తెలియదు. డాక్టరు లాగే గొంతు సవరించుకున్నాను.

"పొర పలుచగనే ఉన్నదే అవ్వ. ఇంక ముదరాలె. ముదిరినంక నేనే దగ్గరుండి తీపిస్త."

అవ్వ మురిసిపోయింది. కొడుకు అద్దం పెట్టి కన్ను చూశాడని వాడకట్టంతా చెప్పుకొచ్చింది. చెల్లె మాత్రం నేను బస్సుకు బయల్దేరుతుంటే వెనకాలే వచ్చి, ఒకసారి కామారెడ్డిలోనే కంటి డాక్టరుకు చూపిస్తే పోలేదా అని నెమ్మదిగా అడిగింది. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. బాపును తిప్పింది నువ్వా నేనా అన్నాను. పచ్చి పొర తీసి కన్ను పోతే నీ జిమ్మేదారీయా అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎనిమిది నెలలు ఆగాం. ప్రతి ఆదివారం అన్నం తిన్నాక అవ్వ తానే పీట తెచ్చుకొని వాకిట్లో కూర్చునేది. నేను అద్దం పెట్టి చూసేవాణ్ణి. ముదిరిందా అని ఆమె అడిగేది, ఇంకా లేదని నేను చెప్పేవాణ్ణి. ఇద్దరికీ అదొక అలవాటైపోయింది. ఈలోగా అవ్వ మనుషులతో మాట్లాడేటప్పుడు మొహం పక్కకు తిప్పి కంటి చివరనుంచి చూడటం మొదలుపెట్టింది. ముసలామెకు గీర ఎక్కిందని పక్కింటివాళ్లు చెల్లెతో అన్నారు. నడుమ చూపు పోయి, అంచుల చూపు మాత్రమే మిగిలినవాళ్లు అలాగే చూస్తారని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం నేను వాకిట్లోకి వచ్చి అవ్వ ఎదురుగా నిలబడ్డాను. మాట్లాడలేదు, ఊరికే నవ్వుతూ నిలబడ్డాను. అవ్వ నా వైపే చూస్తోంది.

"ఎవలు బిడ్డ? ఎవల కోసం వచ్చిన్రు?" అంది.

మరుసటి రోజే చెల్లె, నేను కలిసి అవ్వను హైదరాబాదులో ఒక పెద్ద కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మకు ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ముందుగా ఒక చిన్న నల్ల మూతతో కుడి కన్ను మూసింది. అవ్వ ఒక్కసారిగా గాలిలోకి చెయ్యి చాపింది. ఎదురుగా ఉన్న మమ్మల్నిద్దరినీ ఎవరో తీసుకెళ్లిపోయినట్టు కంగారుపడి, "ఎటువోయిన్రు మీరు?" అని అడిగింది.

ఎడమ కన్ను ఎన్నో నెలల కిందే పోయిందని, కుడి కన్ను పనిచేస్తున్నంత కాలం ఆ సంగతి ఆమెకే తెలిసి ఉండదని డాక్టరమ్మ చెప్పింది. రెండు కళ్లూ తెరిచి ఉంటే, పోయినదాని పని ఉన్నది చేస్తుందట. నేను అక్కడే గోడకు ఆనుకొని నిలబడ్డాను. రోజంతా ఒక కన్ను మూసుకొని బతికే పని నాది. ఎనిమిది నెలల పాటు ఆదివారం ఆదివారం ఆమె కళ్లలోకి చూశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అవ్వా ఈ కన్ను మూసుకొని చూడు అని అనలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

అది మోతిబిందు కాదు. కంటి వెనక గోడ మీద, చూపుకు నడిబొడ్డు లాంటి చోట, వయసు మీద పడ్డాక వచ్చే జబ్బు. అక్కడ పనికిరాని సన్నటి నరాలు పుట్టి, నెత్తురు కారి, మచ్చ కట్టింది. నాకు నా భాషలోనే అర్థమైంది. గడియారం అద్దం మసకబారితే అద్దం మారుస్తాం. లోపల మిషను తుప్పు పడితే అద్దం ఎంత తుడిచినా ఏం లాభం? నేను ఎనిమిది నెలలు అద్దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఎడమ కంటికి చేసేదేం లేదన్నారు. కుడి కంటికి నెలనెలా ఇంజెక్షన్లు ఇచ్చారు. కంట్లో సూది అంటే నేనే వణికాను, అవ్వ మాత్రం గుడ్లప్పగించి కూర్చునేది. నెత్తురు కారడం ఆగింది. చూపు వెనక్కి రాలేదు. ఇప్పుడు అవ్వకు కంచం అంచు కనిపిస్తుంది, అందులో అన్నం కనిపించదు. తలుపు పక్క గోడ కనిపిస్తుంది, తలుపులోంచి వచ్చే మనిషి కనిపించడు.

ఇన్ని రోజులు ఎందుకు ఆగారని డాక్టరమ్మ ఆ మొదటి రోజే అడిగింది. చెల్లె నా మొహం వైపు చూసింది. నేను, "ఊర్లల్ల అట్లనే ఉంటది మేడం, ముదరాలంటరు" అన్నాను. ఊళ్ల మీదికి తోసేశాను. చెల్లె తల దించుకొని అవ్వ చెప్పులు సర్దింది.

జన్యు పరీక్ష సంగతి వచ్చింది ఇంజెక్షన్ల కాలంలోనే. ఈ జబ్బు ఉన్నవాళ్ల కుటుంబాల నుంచి ఆ ఆస్పత్రివాళ్లు రక్తం తీసుకొని చూస్తున్నారట. అవ్వ ఒప్పుకుంటే ఆమెది, మేము ఒప్పుకుంటే మాది. దాని గురించి విడమరిచి చెప్పడానికి వేరే ఒకావిడ ఉంది. ఓపికగా చాలాసేపు చెప్పింది. ఇది వైద్యం కాదు, దీనితో వైద్యం మారదు. రాసిపెట్టి ఉందనీ కాదు. కొన్ని జన్యువుల్లో మార్పు ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని మాత్రమే తెలుస్తుంది. తెలుసుకోకుండా ఉండే హక్కు మీకుంది, తొందరేం లేదు, ఇంటికెళ్లి ఆలోచించుకోండి అంది.

చెల్లె అక్కడికక్కడే వద్దంది. తెలిసి ఏం చెయ్యాలి, రోజూ చావడమే కదా అంది. నేను ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. కాగితం మీద సంతకం పెట్టి చొక్కా చెయ్యి పైకి మడిచాను. ధైర్యవంతులండీ అని ఆవిడ మెచ్చుకుంది.

ధైర్యం ఎక్కడిది? నాకు కావలసింది వేరే. ఆ రక్తంలో ఆ మార్పు దొరకాలని నేను మొక్కుకున్నాను. అవ్వలో దొరకాలి, నాలోనూ దొరకాలి. అది మా నెత్తుటిలోనే ఉందని, ఎవరు ఏం చేసినా ఆ కళ్లు పోయేవేనని ఒక డాక్టరు సంతకం పెట్టి ఇస్తే, ఆ ఎనిమిది నెలలు నా నెత్తి మీద నుంచి దిగిపోతాయి. దానికి బదులు నా కళ్లు పోతాయన్నా సరే అనుకున్నాను. అనుకోవడం సులువు, అప్పటికి నా కళ్లు బాగానే ఉన్నాయి కదా.

రిపోర్టు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ కొట్లో చెయ్యి ఆడలేదు. నాగిరెడ్డిపేట నుంచి ఒక పెద్దమనిషి తన మామ పెట్టిన గడియారం తెచ్చి ఇస్తే, దాన్ని విప్పి, మళ్లీ బిగించలేక మూడు వారాలు తిప్పాను.

రిపోర్టు చెప్పే రోజు చెల్లెను కూడా వెంట రమ్మన్నాను. ఆమె తనది ఇవ్వకపోయినా నా కోసం వచ్చింది. ఆవిడ కాగితం మీద గీతలు గీసి చూపించింది. అవ్వలో ఆ మార్పు ఉంది. నాలో జంటగా ఉంది, అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి. అంటే బాపు కూడా ఇచ్చాడు. ఆయన ఆ జబ్బు వచ్చే వయసుదాకా ఉండలేదు, అంతే తేడా. నాకు వచ్చే అవకాశం మామూలు మనిషి కంటే బాగా ఎక్కువ అని ఆవిడ చెబుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు లోపల హాయిగా అనిపించింది. వెంటనే అడిగాను.

"అంటే మా అవ్వకు ఎట్లయినా పోయేవే కదా మేడం కండ్లు? ముందుగాల తెచ్చినా గంతే కదా?"

ఆవిడ గీతలు గీసిన కాగితం మడిచింది. అది డాక్టరు చెప్పాల్సిన మాట అని మమ్మల్ని డాక్టరమ్మ గదికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కంప్యూటర్లో అవ్వ కంటి పాత ఫొటోలు తీసి చూసింది. నా మనసులో ఏముందో ఆమెకు తెలియదు, తెలిస్తే ఇంకొంచెం మెత్తగా చెప్పేదేమో.

"జబ్బు రావడం జీన్ వల్ల కావచ్చు. చూపు పోవడం మాత్రం ఆలస్యం వల్ల. గీతలు వంకరగా కనబడ్డ మొదటి నెలలో వచ్చుంటే, కనీసం కుడి కన్ను చాలావరకు దక్కేది. గ్యారంటీ అని నేను చెప్పను. అయితే దక్కేదనే అనుకుంటున్నా."

తర్వాత ఆమె నా సంగతి చెప్పింది. బీడీలు మానెయ్యాలి, ఆకుకూరలు తినాలి, ఏడాదికోసారి కన్ను చూపించుకోవాలి. గళ్ల గళ్లుగా ఉన్న ఒక కాగితం చేతికిచ్చింది. నడిమధ్యలో ఒక చుక్క ఉంది. రోజూ ఒక్కో కన్ను మూసుకొని ఆ చుక్కను చూడాలి, గీతల్లో ఒక్కటి వంగినట్టు అనిపించినా మరుసటి రోజే రావాలి, ఆగకూడదు. అన్నిటికీ తల ఊపాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక గానీ నాకు ఏం దక్కిందో లెక్కకు రాలేదు. నేను కోరుకున్న మార్పు నా రక్తంలో దొరికింది. నేను కోరుకున్న మాఫీ మాత్రం రాలేదు. తప్పు నాదే, నెత్తురూ నాదే.

ఆ గళ్ల కాగితం కొట్లో గోడకు అంటించాను. పొద్దున షట్టరు ఎత్తగానే చేసే మొదటి పని అదే. కుడి కన్ను మూసి ఎడమతో, ఎడమ మూసి కుడితో. గీతలు తిన్నగానే ఉంటాయి. అయినా నమ్మకం కుదరదు. షట్టరు పలకల వైపు చూస్తాను, ఎదురు దుకాణం బోర్డు అంచు చూస్తాను, కరెంటు తీగ చూస్తాను. మబ్బు పట్టిన రోజు, ఆ మసక ఆకాశానిదా నా కంటిదా అని మళ్లీ మళ్లీ చూస్తాను. బీడీ మానేశాను, రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాను. భూతద్దం పెట్టుకొని స్ప్రింగు మీదికి వంగితే స్ప్రింగు కనిపించదు, ఇంకెన్నాళ్లు కనిపిస్తుందన్న ఆలోచనే కనిపిస్తుంది. అదొక్క పనే వచ్చు నాకు. ఈ వయసులో ఇంకోటి నేర్చుకోలేను. అన్నీ తెలిసిన మనిషికి ఇప్పుడు నిజంగానే ఒకటి తెలిసింది, అదే తెలియకుండా ఉంటే బాగుండేది.

రిపోర్టు వచ్చిన తర్వాత రెండు ఆదివారాలు ఎల్లారెడ్డి వెళ్లలేదు. గిరాకీ ఉందని చెల్లెకు అబద్ధం చెప్పాను. మూడో ఆదివారం వెళ్లాను. బస్సులో కిటికీ పక్కన కూర్చొని అవ్వకు ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. నిజం చెబుదామనే బయల్దేరాను. నేను ఆపాను కాబట్టే నీ కళ్లు పోయాయి అవ్వా అని ఒక్క ముక్క. లింగంపేట దాటేదాకా ఆ ముక్క నా నోట్లోనే ఉంది.

అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. చెల్లె గుమ్మంలో తోటకూర ఒలుస్తోంది. నా అడుగుల చప్పుడుకే అవ్వ గుర్తుపట్టి, రెండు వారాలు రాలేదేమని అడిగింది. పక్కన కూర్చున్నాను. పరీక్షలో ఏమొచ్చిందని అడిగింది. అప్పుడు నా నోటినుంచి వచ్చింది నేను వల్లెవేసుకున్నది కాదు.

"ఇది మన నెత్తుర్ల ఉన్నదట అవ్వ. ఎవలు ఏం జేసినా ఆగేది కాదట" అన్నాను.

తోటకూర ఒలుస్తున్న చెయ్యి ఆగింది. డాక్టరమ్మ ఏమన్నదో చెల్లె తన చెవులతో విన్నది. ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను అటు చూడలేదు. 

 అవ్వ మొహం పక్కకు తిప్పింది, నన్ను చూడటానికి.

"నీకు గూడ ఉన్నదా?"

"ఉన్నది."

బాపు కూడా ఇచ్చాడని, సగం ఆయనదేనని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అవ్వ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. చూపు పోయినా కళ్లనీళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకు కూడా ఏడుపు వచ్చింది, మా ఇద్దరి ఏడుపూ ఒకటి కాదు. కాసేపటికి ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"ఒక ముచ్చట చెప్త, కోపం జెయ్యకు బిడ్డ. నువ్వు ఆగుమంటెనే నా కండ్లు పోయినయని ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్న. నీకు అన్నం పెట్టుకుంట గూడ తిట్టుకున్న, మనసుల. నా నెత్తుర్లనే ఉండంగ నిన్నంటి. నీకు గూడ నేనే ఇస్తి. నన్ను మాఫ్ జెయ్యి."

చెల్లె లేచి తోటకూర పళ్లెం తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. అరుగు మీద మేమిద్దరమే మిగిలాం. అవ్వ చెయ్యి నా మోకాలి మీదే ఉంది, జవాబు కోసం ఎదురుచూస్తూ.

"ఏం గాదు తియ్యి అవ్వ" అన్నాను. మా అవ్వను నేను క్షమించాను.